మైలేజీలో మైలు

నేను ఓడిపోయిన వాదనలు చాలా తక్కువ. (ఈ మాట అన్నప్పుడల్లా మా ఆయన తల తిప్పుకుని సముద్రం వైపు చూస్తారు. చూడనివ్వండి.) కానీ ఒక్క వాదనలో మాత్రం ఎంత ఘోరంగా, ఎంతమంది ఎదుట ఓడిపోయానంటే, పాతపోస్టాఫీసు వెనక సందులో నేను కనబడితే చాలు, ఇప్పటికీ ఒకావిడ మేడ మీంచి "ఏటమ్మా, కిలోమీటర్లు కులాసాయేనా?" అని పలకరిస్తుంది. ఆ భాగోతం నేనే చెప్పేస్తాను. మా తమ్ముడు చెప్తే అందులో నాలుగు అబద్ధాలు కలుస్తాయి. నిజమే నన్ను చాలినంత ముంచింది, అబద్ధాల సాయం అక్కర్లేదు.

ముందు నా అర్హతలు వినండి. నేను లా చదివాను. కోర్టుకి మాత్రం వెళ్ళలేదు. పెళ్ళయ్యాక కోర్టు ఇంట్లోనే పెట్టుకున్నాను. జడ్జి నేనే, రెండు వైపుల వకీళ్ళూ నేనే. ముద్దాయి మాత్రం ఎప్పుడూ మా ఆయనే. పోర్టులో క్రేన్ల దగ్గర పని ఆయనది. ఓడలోంచి తీసిన ఇనుప దూలాన్ని గాలిలో చలించకుండా నిలబెట్టగలరు గానీ నా ఎదుట ఒక వాక్యాన్ని చివరిదాకా నిలబెట్టలేరు. "పద్మా, అది కాదు..." అనేసరికి తాడు తెగుతుంది. తెంపేది ఎవరో చెప్పక్కర్లేదు కదా.

అలాంటి మనిషికి ఒకే ఒక్క కోరిక. ఇల్లు కాదు, పొలం కాదు. టాపు తీసేసి తిరిగే రెండు సీట్ల స్పోర్ట్సు కారు. అదీ పాతకాలంది, ఎర్రది. చిన్నప్పుడు బీచ్ రోడ్డు మీద ఒక తెల్లాయన భార్యని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వుతూ అలాంటి కారు తోలుకుపోతుంటే చూశారట. ఆ ఎరుపు కళ్ళల్లో అలాగే ఉండిపోయింది. పెళ్ళయిన కొత్తలో సినిమాకి తీసుకెళ్తే, హీరోయిన్ ఏడుస్తుంటే ఆవిడ వెనక పోయే కార్లని చూసిన మనిషి. "ఏం చూస్తున్నారు?" అంటే "వెనకది" అన్నారు. వెనకది ఎవర్తో అని నేను వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం గురించి ఆయన ఇప్పటికీ ఆప్యాయంగా తలుచుకుంటారు.

కిందటేడు ఒక ఆదివారం ఆయన ఫోను పట్టుకుని పరుగున వంటింట్లోకి వచ్చారు. "పద్మా, అదే కారు" అన్నారు. అలాంటిది కాదు, అచ్చంగా అదే. ఆ తెల్లాయన పోర్టు పనికి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీరట. తిరిగి వెళ్ళిపోతూ తన స్నేహితుడికి అమ్మేశాడట. ఆ స్నేహితుడి కొడుకు, పెద్దాయన ఆంథోనీ గారు, ఇప్పుడు దాన్ని అమ్మకానికి పెట్టారట. నేను వెంటనే ఫోను లాక్కున్నాను. బేరం అనే మాట ఎక్కడ పుడితే అక్కడ ఫోను నా చేతిలో ఉండాలి.

"నమస్తే అంకుల్, కారు గురించండీ. మైలేజీ ఎంత?"

"ట్వెంటీ వన్ థౌజండమ్మా."

ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి పకపకా నవ్వాను. "విన్నారా, లీటరుకి ఇరవై ఒక్క వేలంట! ఓ లీటరు పోయించుకుని కాశీకెళ్ళొచ్చి, మిగిలింది పక్కింటివాళ్ళకి చేబదులు ఇవ్వొచ్చు."

"అది కాదు పద్మా, మైలేజీ అంటే అసలు మై..."

"మీరుండండి."

చదివేవాళ్ళు ఆ "మై" దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి. ఆ మాటని ఆ రోజు పూర్తి కానిచ్చి ఉంటే ఈ కథే లేదు. మన ఊళ్ళో మైలేజీ అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్న లెక్క ఒక్కటే. ఆంథోనీ గారిది పాతకాలపు ఇంగ్లీషు. ఆయన మైలేజీ అంటే బండి పుట్టినప్పట్నుంచి మొత్తం తిరిగిన దూరం. ఆ తేడా నాకు రెండో నిమిషంలోనే అర్థమైంది, నేనేం తక్కువదాన్నా? అర్థమయ్యాకే అసలు అనుమానం మొదలైంది. అంత పాత కారు తిరిగింది ఇరవై ఒక్క వేలేనా? కూరగాయలు తప్ప ఏమీ ఎరగని నా స్కూటరే అంతకన్నా ఎక్కువ తిరిగిందే!

సలహాకి మా తమ్ముడు సూరిబాబు దగ్గరికి వెళ్ళాం. ఆటోనగర్లో పాత కార్లు కొని, తుడిచి, కొత్త కార్ల మొహం పెట్టించి అమ్ముతాడు.

"అక్కా, మీటరుని నమ్మీసినావా? నీకు డిగ్రీ ఇచ్చినోళ్ళననాల" అన్నాడు. "ఈ పాత బళ్ళ మీటర్లో ఐదంకెలే ఉంటాయి. లచ్చ దాటితే మళ్ళీ సున్నాల కాడికొచ్చేత్తాది. అది ఇరవయ్యొక్క వేలా, లచ్చా ఇరవయ్యొక్క వేలా, ఎవులికి తెలుసు?"

"మరెలా కనిపెట్టడం?"

"మీటరు సూడకు, పెడళ్ళు సూడు. రబ్బరు అరిగిపోతే బండి తెగ తిరిగినట్టే. స్టీరింగు నున్నగైందా, సీటు గుంటడిందా, కాళ్ళకాడ కార్పెట్టు సిరిగిందా, అవన్నీ సూడు. అవి అబద్ధమాడవు. ఆడోళ్ళ వయసు సర్టిఫికెట్లో కాదే, మడమల్లో సూడాల."

అని నా మడమల వైపు చూశాడు. నేను చీర కుచ్చిళ్ళు కిందకి లాక్కున్నాను.

"బావా, అక్కని కూడా తీస్కెళ్తన్నావా?" అని మా ఆయన్ని అడిగాడు. "ఐతే నీకు కారు రాదు."

"నా బయమూ అదే" అన్నారు మా ఆయన. ఆ వాక్యం ఎలా పూర్తయిందో నాకిప్పటికీ తెలీదు. నేను మడమల గొడవలో ఉండిపోయానేమో.

ఆంథోనీ గారి ఇల్లు పాతపోస్టాఫీసు వెనక ఇరుకు సందులో ఉంది. గేటు లోపల చిన్న వాకిలి, పక్కన రేకుల షెడ్డు. వాళ్ళావిడ ఫిలోమినమ్మ గారు వరండాలో కత్తిపీట ముందేసుకుని చేపలు బాగుచేస్తున్నారు. ఆంథోనీ గారు షెడ్డులోకి వెళ్ళి గుడ్డ లాగారు. ఎర్రగా, పొట్టిగా, కళ్ళు పెద్దవి చేసుకుని కారు మా వైపు చూసింది. మా ఆయన చెప్పులు విప్పేశారు. గుడి అనుకున్నారో ఏమో.

"గేరుబాక్సులో ఓ ముక్క ఇరిగిపోతే, అది దొరక్క ఏళ్ళకేళ్ళు షెడ్డులోనే ఉండిపోయిందమ్మా" అన్నారు ఆంథోనీ గారు. "మొన్నీమజ్జే దొరికింది. బాగుసేయించేను. ఇంక మా వయసుకి దీన్ని తోలుకుని తిరగలేం. మంచోళ్ళ సేతిలో ఎడదామని."

ఎంత మర్యాదస్తుడో! మర్యాదస్తుల్నే ఎక్కువ అనుమానించాలని నా చదువు చెప్తుంది. నేను కొంగు బొడ్లో దోపి, డ్రైవరు వైపు తలుపు తీసి లోపలికి దూరాను. తల లోపల, మిగతా నేను బయట. సూరిబాబు చెప్పిన సాక్షులంతా వరసగా బోనెక్కారు. క్లచ్చి రబ్బరు ఆఖరిరోజుల సబ్బు ముక్కలా ఉంది. బ్రేకుకైతే రబ్బరు పోయి ఇనుము తొంగిచూస్తోంది. స్టీరింగు చేతులు పట్టుకునే చోట తిరపతి నుంచి అప్పుడే వచ్చిన గుండులా మెరుస్తోంది. సీట్లు రెండూ రుబ్బురోళ్ళు. అన్నిటికన్నా విచిత్రం, డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళ కాళ్ళ దగ్గర కార్పెట్టుకి పూరీ అంత చిల్లు, దాని కింద తుప్పుపట్టిన ఇనుము.

బయటికి వచ్చి గొంతు సవరించుకున్నాను.

"అంకుల్, ఇరవై ఒక్క వేలన్నారు?"

"అవునమ్మా."

"ఇరవై ఒక్క వేలకే బ్రేకు ఇలా అరుగుతుందా?"

"అరిగింది మరి."

"స్టీరింగూ?"

"అదీ అరిగింది."

"ఏళ్ళకేళ్ళు షెడ్డులో ఉన్న బండి, తోలకుండానే అరిగిందా?"

పెద్దాయన ఎందుకో వరండా వైపు చూశారు. అక్కడ కత్తిపీట మీద చేప ఆగిపోయింది. "అది... ఇంటి సంగతమ్మా" అని నసిగారు.

నసిగారా, దొరికిపోయారన్నమాటే!

"పద్మా, అది కాదు..." అన్నారు మా ఆయన.

"మీరు ముందు చెప్పులేసుకోండి."

ఆంథోనీ గారి మొహం ఎర్రబడింది. "అమ్మా, ఇది మా నాన్న కారు. ఆదివారం సర్చికీ, పండగొస్తే బీమిలికీ తిరిగింది. మీటరు మీద ఎవుడూ సెయ్యెట్టలేదు. అనుమానమైతే ఎక్కు. రుషికొండ దాకా ఎళ్ళొద్దాం. మీటరు నిజం సెప్తాదో లేదో నువ్వే సూసుకో."

ఎక్కాను. అప్పుడు గుర్తొచ్చింది, కారుకి సీట్లు రెండే. చిన్నప్పట్నుంచి కలగన్న మనిషి గేటు దగ్గర నా హ్యాండుబ్యాగు మోస్తూ, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కలలో లేని మనిషి కార్లో కూర్చుంది. కారు సందు మలుపు తిరిగేదాకా ఆయన అలా చూస్తూనే ఉన్నారు. నేనది చూశాను. చూసి, "వచ్చాక న్యాయం నేను గెలిపిస్తాను కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మీటరు అంకె గుర్తుపెట్టుకుని, ఫోన్లో దూరం కొలిచేది నొక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆంథోనీ గారు బీచ్ రోడ్డు ఎక్కగానే వయసు సగం అయిపోయింది. ఎదురొచ్చే ప్రతి బస్సూ ఆయన్ని పేరుపెట్టి తిట్టినట్టు దాని మీదికే పోతున్నారు. నా కుడికాలు దానంతటదే ముందుకి తన్నింది. లేని బ్రేకు కోసం వెతికి, సరిగ్గా ఆ పూరీ చిల్లులో పడింది. నా పాదానికి కొలత తీసి కత్తిరించినట్టుంది. అప్పుడైనా నాకు వెలగాలి కదా? వెలగలేదు.

"మెల్లగా అంకుల్!" అని అరిచాను. టాపు లేదు, గాలి మాటని నోటి దగ్గరే ఎత్తుకుపోయింది.

"ఏటీ?"

"మెల్లగా!"

"ఎళ్ళాలా? ఎళ్తన్నాను కదమ్మా!" అని ఇంకా తొక్కారు.

రుషికొండ దగ్గర ఆపారు. నేను జుట్టు మొహం మీంచి తీసుకుని, ముందు ఫోన్లో కొలత ఆపి చూశాను. పదహారు కిలోమీటర్లు. మీటరు చూశాను. జరిగింది పది అంకెలే.

ఒంట్లో గంటలు మోగాయి. పదహారు తిరిగితే పదే చూపిస్తోంది! ఒక్కసారికే ఆరు మింగేసింది! ఈ లెక్కన పుట్టినప్పట్నుంచి ఎన్ని మింగిందో! ఆ మాట అక్కడే అనెయ్యొచ్చు. అనలేదు. ఖాళీ కోర్టులో సాక్ష్యం వృథా చేసే వకీలుని కాను. తిరుగుదారంతా పెదవులు బిగించుకుని కూర్చున్నాను. కాలు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది.

తిరిగొచ్చేసరికి జనం కూడా ఉన్నారు. మేడ మీద ఇందాక చెప్పిన ఆవిడ, గోడ పక్కన ఇద్దరు ముగ్గురు, వరండాలో ఫిలోమినమ్మ గారు, గేటు దగ్గర అదే భంగిమలో మా ఆయన. నేను కారు దిగి ఫోను పైకెత్తాను.

"అందరూ వినండి. ఈ ఫోను చెప్పింది పదహారు. ఈ మీటరు చెప్పింది పది. రుషికొండకి వెళ్ళేలోపు ఈ కారు ఆరు కిలోమీటర్లు నమలకుండా మింగేసింది. ఇలాంటి మీటరు ఇరవై ఒక్క వేలు అంటే ఎవరు నమ్ముతారు? ఆ బ్రేకు చూడండి, ఆ సీటు చూడండి. ఇది లక్ష దాటి, సున్నాలు చుట్టి, మళ్ళీ ఇరవై ఒకటి దాకా వచ్చిన కారు!"

ఆంథోనీ గారి మొహంలో కోపం లేదు, అయోమయం ఉంది. "మింగీసిందా? ఆరు?"

"పద్మా" అన్నారు మా ఆయన.

"మీరుండండి. ఫోను అబద్ధమాడుతుందా అంకుల్?"

"ఫోను ఆడదమ్మా, గానీ..."

"మీటరాడింది కదా మరి!"

"పద్మా!"

మా కాపురంలో ఆయన గొంతు అంత ఎత్తుకి లేవడం అదే మొదటిసారి. హ్యాండుబ్యాగు భుజానికి వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి నా ఎదుట నిలబడి ఒక్క మాట అన్నారు.

"మైళ్ళు."

"ఏటి?"

"అది మైళ్ళ మీటరు. ఇంగ్లీషు కారు కదా, అంకెల కిందే రాసుంది. పది మైళ్ళంటే పదహారు కిలోమీటర్లు. మీటరు గింజంత అబద్ధం ఆడలేదు. ఫోన్లో మాటాడిన నాడే సెప్పబోయేను. మైలేజీలో మైలుంది పద్మా."

వంగి చూశాను. రాసుంది. అంత చిన్న అక్షరాలు కూడా కాదు.

ముందు మేడ మీద ఆవిడ నవ్వింది. తర్వాత గోడ పక్కవాళ్ళు. నేను నా ఫోను వైపు చూశాను, అది కూడా నన్ను ఎరగనట్టు ఆరిపోయింది.

ఆంథోనీ గారు మాత్రం నవ్వలేదు. షెడ్డులోంచి గుడ్డ తెచ్చి కారు మీద కప్పడం మొదలెట్టారు. "బాబూ, నువ్వు మంచోడివి" అన్నారు మా ఆయనతో. "గానీ మా నాన్న కారుది దొంగలెక్క అని ఈది మజ్జిలో అన్నోళ్ళకి నాను దీన్ని ఇవ్వలేను. ఏటనుకోకు."

"పర్లేదండి" అన్నారు మా ఆయన. జేబులోంచి రుమాలు తీసి, కప్పడానికి ఇంకా మిగిలిన తలుపు మీద నా వేళ్ళ మరకలు తుడిచారు. నిదానంగా, మూల వరకూ. తర్వాత తనే గుడ్డ అంచు పట్టుకుని సాయం చేశారు.

అది చూశాక, "అంకుల్, తప్పంతా నాది" అన్నాను. "ఆయనకెందుకు శిక్ష? ఆయన నమ్మారు. చెప్పులు కూడా విప్పారు, మీరు చూశారు." ముద్దాయి తరఫున నేను వాదించడం అదే మొదలు. అక్కడితో ఆపితే ఎంత గౌరవంగా ఉండేది! కానీ నోరు ఊరుకోదే. "కారు ఇవ్వకపోతే మానెయ్యండి గానీ, ఆ బ్రేకు ఎలా అరిగిందో ఒక్కటి చెప్పండి! అది తెలీకపోతే నాకు అన్నం సయించదు!"

వరండాలో పెద్ద నవ్వు. ఫిలోమినమ్మ గారు చేపల చేతులు కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుంటూ వచ్చారు.

"నాను సెప్తాను. ఈ ఇంట్లో అప్పుడు అత్తమామలు, మరుదులు, ఆళ్ళ పెళ్ళాలు, పిల్లలు. ఈ గదిలో గుసగుసలాడితే ఆ గదిలో దగ్గీవోరు. మరి మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకోడానికి జాగా ఏదీ?"

"ఫిలోమినా!" అన్నారు ఆంథోనీ గారు.

"ఉండండీ. సాయంత్రం ప్రార్థన అవగానే ఈ కార్లో కూసుని, టాపేసి, తలుపులేసుకునీవాళ్ళం. కారా, కదల్దు. నానొక మాటంటే ఈయన క్లచ్చి తొక్కీవోరు. ఇంకోటంటే బ్రేకు. మా అత్తగారి ఊసెత్తితే స్టీరింగు పిసికీసీవోరు. రోడ్డు మీద తిరిగింది ఇరవయ్యొక్క వేలే. షెడ్డులో తిరిగిందానికి మీటరు లేదు."

సాక్ష్యాలన్నీ నిజమే. నేరమే జరగలేదు. నా చదువులో ఈ రకం కేసు ఎక్కడా చెప్పలేదు.

"మరి ఈ వైపు కార్పెట్టు, ఆంటీ?" అన్నాను నీరసంగా.

"అది నాదే. ఈయన తోలుతుంటే తొక్కినాను. కారు ఆగిపోయినా అలవాటు పోలేదు, మాట పడనప్పుడల్లా తొక్కినాను. నన్నడుగుతున్నావు గానీ, ఏదీ, నీ కుడికాలు సెప్పు తిరగేసి సూపించు."

తిరగేశాను. అడుగున తుప్పు మరక గుండ్రంగా, ఎర్రగా, పూరీలా ఉంది.

సందు సందంతా ఘొల్లుమంది. ఈసారి ఆంథోనీ గారు కూడా నవ్వారు. ఫిలోమినమ్మ గారు నన్ను కిందనుంచి పైదాకా, బజార్లో వంజరం చేపని చూసినట్టు చూశారు. "ఏటండీ, ఈళ్ళకే ఇచ్చీండి" అన్నారు భర్తతో. "నోరులేని జంటకి ఈ కారెందుకు, నెల్లాళ్ళకి మార్చీసుకుంటారు. ఈ పిల్లయితే దీన్ని ఊరికే ఉండనివ్వదు."

ఆంథోనీ గారు గుడ్డ చేత్తో పట్టుకుని, "బాబూ, నీకు సమ్మతమేనా?" అని అడిగారు.

"కారుకాండీ, ఈవిడకాండీ?" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయన వాక్యాలు పూర్తిచెయ్యడం బాగా రుచి మరిగారు.

కారు మా ఇంటికొచ్చింది. కొత్త కార్పెట్టు వేయించాం. మొన్న సూరిబాబు వచ్చి లోపలికి తొంగిచూసి, "అక్కా, డ్రైవరు వైపు కొత్తగానే ఉంది, నీ వైపు అప్పుడే చిల్లడిందేటి?" అన్నాడు. నేను వినబడనట్టు కాఫీ కలపడానికి పోయాను.

ఆ సాయంత్రమే బీచ్ రోడ్డు మీద కారు ఆపుకుని కూర్చున్నప్పుడు మా ఆయన్ని అడిగాను. "టాపున్న కార్లు లోకంలో ఇన్ని ఉండగా, జీవితమంతా ఈ కారే ఎందుకు కావాలనుకున్నారు?"

నేను అడ్డం రాలేదు. ఆయన తాపీగా చెప్పారు.

"చిన్నప్పుడు సూసేనన్నాను కదా పద్మా, ఆ తెల్లాయన్ని. ఆయన పక్కన ఆళ్ళావిడ సేతులు తిప్పుకుంటా ఒకటే అరుస్తంది. ఆయన మాత్రం ఆయిగా నవ్వుకుంటా తోలుతున్నాడు. గాలికి ఆయనకి ఒక్క ముక్కా ఇనబడతలేదు. అప్పుడే అనుకున్నాను, పెళ్ళంటూ సేసుకుంటే ఇలాటి కారుండాలని."

అని ఇంజను స్టార్టు చేశారు. నేనేదో అన్నాను. గాలి పట్టుకుపోయింది. ఆయన హాయిగా నవ్వుకుంటూ తోలారు.

అందుచేత, ఈ బంగాళాఖాతం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట అరుగుదల చూసి ఏ బండినీ అనుమానించను. మైళ్ళని కిలోమీటర్లుగా ఎంచి పెద్దమనుషుల్ని వీధిలో నిలబెట్టను. మా ఆయన వాక్యాన్ని మధ్యలో తుంచను. ఈ ప్రమాణం కారు టాపు తీసి ఉన్నంతసేపే చెల్లుతుంది. టాపు వేశాక కోర్టు యథాప్రకారం మొదలవుతుంది.